డివైడర్ సందు లెక్క

మూసాపేట,
జూన్ 9, సోమవారం.

శిరీషమ్మకు,

ఈ మామ ఆశీస్సులు నీకు ఎప్పుడూ ఉండేవే కాబట్టి నేరుగా సంగతికి వస్తాను. నీకు ఫోన్ చేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలిసిపోయింది. "మామా, మీటింగ్‌లో ఉన్నా, తర్వాత చేస్తా" అంటావు. ఆ 'తర్వాత' నాలుగు నెలలుగా ఒక్కసారీ రాలేదు. పోనీ మెసేజ్ పెడదామంటే, బాలానగర్‌లో ముప్పై ఐదేళ్ళు లేత్ మిషన్ తిప్పిన వేళ్ళు నావి. ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయి. అందుకే ఉత్తరం. దీనికి మీటింగ్ ఉందని చెప్పి తప్పించుకోలేవు.

నువ్వు గచ్చిబౌలిలో ఉంటావు, నేను మూసాపేటలో ఉంటాను. చూసుకుని ఏడాది దాటింది. నీ పుట్టినరోజుకు మీ అత్త ఓళిగలు చేసి ఇస్తే స్కూటర్ మీద బయలుదేరాను. హైటెక్ సిటీ ఫ్లైఓవర్ కింద గంటంపావు ఇరుక్కుని, ఆకలేసి, నాలుగు అక్కడే తిని ఇంటిదారి పట్టాను. నీకిచ్చేశానని మీ అత్తతో అబద్ధం చెప్పాను. నువ్వు కూడా బాగున్నాయనే చెప్పు.

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చంద్రమ్మ. మా వీధి చివర కిరాయికి ఉంటుంది. మీ టవర్‌లోనే, మీ అంతస్తులోనే హౌస్‌కీపింగ్ చేస్తుంది. రోజూ నీ బల్ల తుడిచేది ఆమేనట. "గా శిరీష మేడం మీ కోడలా సారూ? బల్ల మీద చాయ్ కప్పులు ఏడుంటయి" అంది. మన వంశం పరువు తీశావు.

అసలు విషయం ఆమెదే. బస్సు ఆమెను రోడ్డుకు అవతలి పక్క దింపుతుంది. మీ టవర్ ఇవతలి పక్క. మధ్యలో డివైడర్‌కు ఒక సందు ఉందట, అందులోంచి దాటితే ఐదు నిమిషాల్లో లోపలుంటుంది. సందు లేకపోతే యూటర్న్ దాకా నడిచి తిరిగి రావాలి. అరిగిన మోకాళ్ళతో అది అరగంట పని. ఏడింటికి వేలిముద్ర పడకపోతే ఆబ్సెంట్, మూడు ఆబ్సెంట్లు పడితే కాంట్రాక్టరు ఇంకో మనిషిని పెట్టుకుంటాడు. ఆ సందు మూసేస్తున్నారని గేటు దగ్గర సెక్యూరిటీ సాయిలు చెప్పాడట. మూసేది మీ ఆఫీసేనని కూడా చెప్పాడట. నిజమేనా?

ఇట్లు,
నీ మామ గోవిందప్ప

*

గచ్చిబౌలి,
జూన్ 11.

మామా,

ఓళిగలు చాలా బాగున్నాయి. ముఖ్యంగా నేను తినని ఆ నాలుగు.

పొద్దున్న బల్ల మీద కవరు చూసి ఉద్యోగం పీకేశారేమో అనుకున్నాను. ఈ కాలంలో కాగితం మీద వచ్చేది అదొక్కటే కదా. నీ దస్తూరి చూశాక గాని ఊపిరి ఆడలేదు. చాయ్ కప్పులు ఏడు కాదు, ఐదు.

సాయిలు చెప్పింది సగం నిజం. ఈ రోడ్డును స్మార్ట్ కారిడార్‌గా మార్చే ప్లాన్ మా ఆఫీసు చేస్తోంది. ట్రాఫిక్‌ను బట్టి రంగు మార్చుకునే సిగ్నళ్ళు, బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే బోర్డులు, నడవడానికి నిజంగా వీలున్న ఫుట్‌పాత్‌లు వస్తాయి. ఈసారి ప్లాన్ కవర్ మీద నా పేరు ఉంటుంది మామా. ఆరేళ్ళుగా వేరేవాళ్ళ పేర్ల కింద పనిచేశాను. లీడ్ ప్లానర్, ఎం. శిరీష! అత్తకు చెప్పు.

సందు సంగతి ఇంకా తేలలేదు. నియమం చాలా సులువు. ఒక గంటలో రెండు వందల మందికి పైగా అక్కడ రోడ్డు దాటితే, సందు స్థానంలో జీబ్రా చారలు వేసి, నడిచేవాళ్ళకు ప్రత్యేకంగా సిగ్నల్ పెడతాం. అంతకు తక్కువైతే కంచె కట్టి మూసేస్తాం. వచ్చేవారం మూడు రోజులు లెక్క. మనుషులతో పని లేదు, అంతా యంత్రమే లెక్కపెడుతుంది. ఒక్కరు కూడా తప్పిపోరు. అన్ని టవర్ల హౌస్‌కీపింగ్ వాళ్ళు, వంటవాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు దాటేది అక్కడే కాబట్టి రెండు వందలు ఒక లెక్కా? చంద్రమ్మను నిశ్చింతగా ఉండమను.

నీ
శిరీష

*

మూసాపేట,
జూన్ 14.

లీడ్ ప్లానర్ శిరీషమ్మకు,

కవర్ మీద పేరు సంగతి మీ అత్తకు చెప్పాను. "ఆ పిల్లకు ఒంటిమీద ధ్యాస ఉండాదా? ఆదివారం వచ్చి రాగి సంగటి తిని పొమ్మను" అంది. ఆమె దృష్టిలో గొప్పవాళ్ళందరికీ అదే సన్మానం.

యంత్రం లెక్కపెడుతుందంటే ఆలోచించాను. లారీలకు కాటా ఉన్నట్టు రోడ్డు కింద ఏదో కాటా పెడతారు కాబోలు. చంద్రమ్మ బాగా సన్నం, సరిగ్గా తూచమని మీవాళ్ళకు చెప్పు. ఆమెకు మాత్రం నీ మాట చెప్పేశాను. "మేడం జెప్పిందంటే ఇగ ఫికర్ లేదు" అంది.

ఇంకో సంగతి. నిన్న సాయంత్రం చంద్రమ్మా, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ మా అరుగు మీదకు వచ్చి ఒక సందేహం అడిగారు. వీధిలో నలుగురికి తెలియనిది చెప్పగలిగిన మనిషిని నేనొక్కణ్ణే కదా. తగిన సలహా ఇచ్చి పంపాను. అది నీకు సంబంధించింది కాదులే.

నీ మామ

*

గచ్చిబౌలి,
జూన్ 27.

మామా,

లెక్క వచ్చేసింది. కూర్చుని చదువు.

మూడు రోజుల్లో ఏ గంట తీసుకున్నా ఆ సందులో దాటినవాళ్ళు పదకొండుకు మించలేదు. రెండు వందలు కాదు మామా, పదకొండు! అందులో కూడా ఒకటి కుక్క, ఇంకొకటి గాలికి ఎగిరొచ్చిన ఫ్లెక్సీ బ్యానర్. బ్యానర్ మీద ఎవరిదో బొమ్మ ఉందట, యంత్రం మనిషే అనుకుంది.

నాకు నమ్మకం కలగలేదు. కానీ మా బాస్ రంగనాథ్ గారు పొంగిపోయారు. "చూశారా? ఇది క్రమశిక్షణ ఉన్న రోడ్డు, ఇక్కడ ఎవరూ దాటరు" అని పెద్ద మీటింగ్‌లో తెర మీద చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కంచె పని వచ్చే నెలాఖరుకు మొదలవుతుంది.

చంద్రమ్మకు ఏం చెప్పాలో తోచడం లేదు. నిశ్చింతగా ఉండమన్నది నేనే. ఆమె కూడా ఈమధ్య ఏదోలా ఉంది. రోజూ ఏడింటికి ముందే నా బల్ల తుడిచిపోయే మనిషి ఇప్పుడు ఏడున్నరకు గాని రావడం లేదు. నిన్న సూపర్‌వైజర్ మౌనిక అందరి ముందూ తిట్టింది. ఇప్పటికే రెండు ఆబ్సెంట్లు పడ్డాయట. ఎందుకు ఆలస్యమని అడిగితే "ఏం లేదు మేడం, జర కాళ్ళు గుంజుతున్నయి" అని చీపురు పట్టుకుని వెళ్ళిపోయింది. నీకేమైనా తెలుసా?

శిరీష

*

మూసాపేట,
జూన్ 28.

శిరీషమ్మకు,

నాకేం తెలుస్తుంది? ఒంట్లో కొంచెం నలతగా ఉంది.

ఊరికే అడుగుతున్నాను, ఆ లెక్క యంత్రం ఎలా ఉంటుంది? రోడ్డు కిందే ఉంటుంది కదా? స్తంభం మీద ఉండదు కదా? లెక్క మళ్ళీ ఒకసారి పెట్టించే వీలుందా?

మామ

*

గచ్చిబౌలి,
జులై 2.

గౌరవనీయులైన శ్రీ గోవిందప్ప గారికి,

లెక్క యంత్రం స్తంభం మీదే ఉంటుందండి. దాన్ని కెమెరా అంటారు. ఆ విషయం తమరికి ఈపాటికే తెలిసి ఉంటుందని మనవి.

ఇవాళ తెల్లవారుజామున లేచి బస్టాపు దగ్గర నిలబడ్డాను. చంద్రమ్మ బస్సు దిగింది. ఆమె వెనక ఇంకో నలభై మంది దిగారు. సందు ఎదురుగానే ఉంది. ఒక్కరూ అటు చూడలేదు. తలలు వంచుకుని, కొంగులు ముఖం మీదకు లాక్కుని, చీమల బారులా యూటర్న్ వైపు నడిచారు. నేనూ వాళ్ళ వెంట నడిచాను. ముప్పై రెండు నిమిషాలు పట్టింది. చంద్రమ్మ దారిలో రెండుసార్లు రాతి దిమ్మ మీద కూర్చుంది.

మూడోసారి అడిగితే చెప్పింది. "గా కెమెరా చలాన్ కొడ్తది గద మేడం. ముఖం గుర్తుపట్టి ఆధార్ మీదికి వంపుతదట. మీ మామ సారే జెప్పిండు. సదువుకున్నోడు, ఉత్తగనే చెప్తడా?"

ఆ మాట తమరి అరుగు మీద నుంచి బస్సెక్కి, బస్సులోంచి ప్రతి టవర్‌కూ పాకిందండి. లెక్క పెట్టిన మూడు రోజులే కాదు, కెమెరా తీసేసి పది రోజులైనా ఎవరూ ఆ సందు దగ్గరికి రావడం లేదు. ఈ నగరంలో ఏ ప్రకటనా ఇంత శ్రద్ధగా అమలు కాలేదు. తమరు మా ఆఫీసులో చేరితే బాగుండేది.

చంద్రమ్మకు ఇంకొక్క ఆబ్సెంట్ పడితే పని పోతుంది. నా ప్లాన్‌లో అక్కడ మనుషులే లేరని రాసి ఉంది. కింద నా సంతకం ఉంది.

భవదీయురాలు,
ఎం. శిరీష

*

మూసాపేట,
జులై 3.

అమ్మా శిరీషా,

నువ్వు 'గారు' అని రాసిన చోటల్లా నాకు మొట్టికాయ వేసినట్టే ఉంది. ఇంకో రెండు వెయ్యి, తక్కువే.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఈ ఏడాది నాకు మూడు చలాన్లు వచ్చాయి. మూడో దాంట్లో ఫొటో కూడా ఉంది. నేను హెల్మెట్ లేకుండా, వెనక మీ అత్త కరివేపాకు కట్ట పట్టుకుని, కట్టలో ఆకులు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంది. ఆ రోజు నుంచి స్తంభం మీద ఏది కనిపించినా నాకు చలానే. ఆడవాళ్ళు వచ్చి "రోడ్డు మీద కొత్త కెమెరా వెట్టిండ్రు, ఏంది సారూ అది?" అని అడిగారు. చలాన్ అన్నాను. "నడిచేటోళ్ళకు గూడనా?" అని అడిగింది చంద్రమ్మ. అక్కడ తెలియదని చెప్పాల్సింది. ఐదుగురు నోరు తెరుచుకుని నా వంక చూస్తుంటే తెలియదనే మాట నోట్లోంచి రాలేదమ్మా. "కొత్త రూలు వచ్చింది" అన్నాను. ఆధార్ సంగతి కూడా నేనే కలిపాను. నీ లెక్క రోడ్డు కింద కాటాతో అనుకున్నాను గాని ఇదీ అదీ ఒకటేనని నా మట్టిబుర్రకు తట్టలేదు. నీ ఉత్తరంలో పదకొండు అని చూడగానే అర్థమైంది. అప్పుడు కూడా చెప్పే ధైర్యం లేక నలత అని రాశాను.

నిన్న సాయంత్రం చంద్రమ్మ ఇంటికి వెళ్ళాను. తర్వాత మిగతా ఇళ్ళకు కూడా. "నాకు తెలియక చెప్పాను, అది అబద్ధం, రేపటి నుంచి సందులోనే దాటండి" అని ఇంటింటికీ చెప్పాను. ఇద్దరు నవ్వారు. ఒకామె తలుపు వేసేసింది. చంద్రమ్మ మాత్రం చాయ్ పెట్టి ఇచ్చింది. తిట్టినా బాగుండేది. ఆ చాయ్ తాగలేక తాగాను.

నీ ప్లాన్‌కు ఏమవుతుంది? తప్పు నాదని కాగితం రాసి ఇవ్వమంటే ఇస్తాను. సంతకం పెడతాను, వేలిముద్ర కూడా వేస్తాను.

నీ మామ

*

గచ్చిబౌలి,
జులై 18.

మామా,

కాగితం అక్కర్లేదు. నువ్వు ఇంటింటికీ చెప్పిన మాట కూడా బస్సెక్కింది, ఇప్పుడు అందరూ మళ్ళీ సందులోనే దాటుతున్నారు. తప్పు నీ ఒక్కడిదే కాదు. నువ్వు కాటా అని రాసినప్పుడు నవ్వుకుని ఊరుకున్నాను, అది కెమెరా అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. స్తంభానికి ఒక బోర్డు కట్టాలని కూడా నాకు తోచలేదు. ఎవరిని లెక్కపెడుతున్నామో వాళ్ళకు చెప్పకుండా లెక్కపెట్టాం. చదువుకున్నది నేను కదా.

రంగనాథ్ గారికి అంతా చెప్పాను. చప్పట్లు కొట్టించుకున్న లెక్కను మళ్ళీ ఎలా మారుస్తామని కోప్పడ్డారు. నేను వినలేదు. రోడ్ల ఆఫీసు ఇంజనీరు నరసింహమూర్తి గారికి నేరుగా రాశాను, ఉదయం ఆరున్నరకు ఒక్కసారి స్వయంగా వచ్చి చూడమని. ఆయన వస్తానన్నారు. కవర్ మీద నా పేరు మా ఆఫీసులో ఆ రోజే తీసేశారు. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను మామా, నీ దగ్గర దాచడం ఎందుకు.

నిన్న ఇంజనీరు గారు వచ్చారు, రంగనాథ్ గారూ వెంట వచ్చారు. డ్రైవర్‌కు నేనే చెప్పి కారు బస్టాపు వైపు ఆపించాను. "అవతలికి వెళ్దాం పదండి సార్" అన్నాను. ఇక చూడు. తొమ్మిది నిమిషాలు నిలబడ్డాం. ఇంజనీరు గారు నాలుగుసార్లు అడుగు ముందుకు వేసి ఐదుసార్లు వెనక్కి వేశారు. రంగనాథ్ గారు ఫోన్ చూస్తున్నట్టు నటించారు.

అంతలో బస్సు వచ్చింది. చంద్రమ్మ దిగి, ఆయన్ని కిందా మీదా చూసింది.

"ఏంది సారూ, గిట్ల నిలవడితే పొద్దుమీకుతది. నా చెయ్యి వట్టుండ్రి."

ఆయన పట్టుకున్నారు! ఆమె ఇంకో చెయ్యి పైకెత్తి నడిచింది. రోడ్డు నడుమ ఒక కారు దూసుకొస్తే ఆయన బిగుసుకుపోయారు. "ఉరకొద్దు, ఆగొద్దు, నా ఎంబడి నడువుండ్రి" అంది. వాళ్ళ వెనక మేమంతా నడిచాం. ఇవతలికి వచ్చాక కూడా ఆయన చెయ్యి వదల్లేదు.

"రోజూ ఎంతమంది దాటుతారమ్మా ఇక్కడ?" అని అడిగారు.

"నేనేడ లెక్కవెడ్త సారూ. దాటుడే సాలైతది."

వేలిముద్రకు టైమైపోతోందని ఆమె వెళ్ళిపోయింది. ఆయన అక్కడే ఎనిమిదింటి దాకా నిలబడి, నా నోట్‌బుక్ తీసుకుని, తన చేత్తో గీతలు గీశారు. ఒక గంటలో మూడు వందల నలభై రెండు. కంచె ఆగిపోయింది. సిగ్నల్ వస్తుంది. చంద్రమ్మకు మూడో ఆబ్సెంట్ పడలేదు.

ఈ ఆదివారం వస్తాను. సంగటి చేయమని అత్తకు చెప్పు. ట్రాఫిక్ ఉంటుంది కదా, శనివారమే బయలుదేరతానులే.

శిరీష

*

మూసాపేట,
అక్టోబర్ 14.

శిరీషమ్మకు,

సిగ్నల్ మొదలైన రోజున నేనూ అక్కడున్నాను. నువ్వు లోపల మీటింగ్‌లో ఉన్నావని సాయిలు చెబితే పిలవలేదు. చంద్రమ్మతో పాటు ఐదున్నర బస్సులోనే వచ్చాను. ఆడవాళ్ళంతా నన్ను మధ్య సీట్లో కూర్చోబెట్టి "సారూ, గా స్తంభం మీదిది ఏంది? గీ స్తంభం మీదిది ఏంది?" అని దారి పొడుగునా ఆటపట్టించారు. అన్నింటికీ తెలియదనే చెప్పాను. బాగా అలవాటైంది.

సిగ్నల్ బాగుంది. పచ్చ మనిషి బొమ్మ వెలుగుతుంది, పక్కనే అంకెలు తగ్గుతుంటాయి. అయితే నేను కొలతల మనిషిని కదా, గడియారం పెట్టి చూశాను. మీరు ఇచ్చింది పద్దెనిమిది సెకన్లు. వయసులో ఉన్నవాళ్ళు పదిహేనులో దాటేస్తున్నారు. పద్దెనిమిదో సెకనుకు చంద్రమ్మ ఇంకా రెండు లేన్లు దాటాల్సి ఉంది. ఎర్ర లైటు పడింది, బండ్లు గుర్రుమన్నాయి. ముందు దాటిన ఆడవాళ్ళు వెనక్కి వచ్చి ఆమె చుట్టూ నిలబడి తీసుకుపోయారు. ఇన్నాళ్ళూ సందులో చెయ్యెత్తి బండ్లను ఆపిన మనిషి, మీ సిగ్నల్ దగ్గర పరుగెత్తబోయి తూలింది.

ఆ పద్దెనిమిది ఎవరి నడకతో కొలిచారమ్మా? ఒక్కసారి కనుక్కుని చెప్పు. కోపంతో అడగడం లేదు, నాకు తెలియక అడుగుతున్నాను.

నీ మామ

*

గచ్చిబౌలి,
నవంబర్ 5.

మామా,

కనుక్కున్నాను. ఎవరి నడకతోనూ కొలవలేదు. పుస్తకంలో ఒక అంకె ఉంటే అందరం అదే వేసుకున్నాం.

పోయిన నెల ఒక ఆదివారం బండ్లు తక్కువగా ఉన్న వేళ చూసి చంద్రమ్మను మూడుసార్లు రోడ్డు దాటించాను. "ఏంది బిడ్డా, సెలవు దినం గూడ నడిపిస్తవా?" అని సణిగింది. మేడం పోయి బిడ్డ వచ్చింది, గమనించావా? మూడుసార్లకు సగటు తీస్తే ఇరవై ఏడు. ఒకటి కలిపి ఇరవై ఎనిమిది అడిగాను. కార్లు ఇంకో పది సెకన్లు ఆగాలంటే పెద్ద గొడవవుతుందని రంగనాథ్ గారు అన్నారు. నరసింహమూర్తి గారు మాత్రం కాగితం చదివి, "ఆమె నడకేనా?" అని ఒక్క మాట అడిగి సంతకం పెట్టారు. కవర్ మీద నా పేరు ఇంకా రాలేదు. ఇప్పుడు వేరే ఐదు కూడళ్ళలో పొద్దున్నే నిలబడి మనుషుల్ని లెక్కపెట్టే పని నాకే అప్పగించారు. శిక్ష అనుకున్నారు పాపం.

నిన్నటి నుంచి ఇరవై ఎనిమిది అమల్లోకి వచ్చింది. చూద్దామని ఆరున్నరకే వెళ్ళాను. చంద్రమ్మ బస్సు దిగింది. పచ్చ లైటు పడింది. అందరూ గబగబా దాటేశారు. ఆమె తన తీరున నడుస్తూ సరిగ్గా రోడ్డు నడుమకు వచ్చి ఆగింది. ఆమె వంగి, కాలి చెప్పు సరిచేసుకుంది. నడుము పట్టుకుని నిదానంగా లేచింది. జారిన కొంగు దోపుకుంది. ఆరు లేన్ల బండ్లు చూస్తున్నాయి.

ఒక్క కారువాడు హారన్ కొట్టాడు. చంద్రమ్మ తల తిప్పి వాడి వంక చూసింది.

"ఆగు" అంది.

ఆగాడు.

శిరీష